బూడిదరంగు గది, దోమజాలీ డ్రమ్ము

వీడియో గేమ్‌లో లెవెల్ కట్టేవాళ్లు రంగూ రూపూ లేని దిమ్మలతో పని మొదలుపెడతారు. గోడ అంటే ఒక బూడిదరంగు పలక, మెట్లంటే ఎత్తు పెంచుకుంటూ వరసగా పేర్చిన పెట్టెలు. ఇంట్లో ఎలక్ట్రానిక్ డ్రమ్స్ తయారుచేసుకునేవాళ్ల సరంజామా కూడా అంత ముతకగానే ఉంటుంది: ప్లైవుడ్ ముక్క, కిటికీలకు కొట్టే దోమజాలీ, బజర్‌లోంచి ఊడదీసిన పీజో బిళ్ల, నాలుగు వైర్లు, ఒక చిన్న సర్క్యూట్ బోర్డు. వీళ్లూ వాళ్లూ ఒకరికొకరు తారసపడటం అరుదు. ఒకరి పని తెర మీద, ఇంకొకరి పని సోల్డరింగ్ ఐరన్‌తో.

అయినా ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడాలని నాకు గట్టిగా అనిపిస్తుంది. నమూనాలు కట్టే టూల్స్‌ని మనం అంచనా వేసే పద్ధతిలోనే ఒక లోపం ఉంది. ఏ కొత్త టూల్ వచ్చినా దాంతో ఎంత తొందరగా కట్టొచ్చో చూపిస్తారు, మనమూ దాన్నే చూస్తాం. తొందరగా కట్టడం మంచిదే. కానీ నమూనా కట్టేదే అందులో తప్పు ఎక్కడుందో తెలుసుకోవడానికి. కాబట్టి ముందు అడగాల్సింది వేరు: నేను తప్పు చేస్తే ఈ టూల్ నాకు ఎప్పుడు చెబుతుంది? ఎక్కడ తప్పో వేలు పెట్టి చూపిస్తుందా, ఏదో తేడాగా ఉందనిపించి ఊరుకుంటుందా? ఇలా అడిగి చూస్తే సాఫీగా నడిచే టూల్స్ కొన్ని వెనక వరసలోకి వెళ్తాయి.

లెవెల్స్ వైపు నుంచి రెండు టూల్స్ తీసుకుంటాను. ఒకటి ట్రెంచ్‌బ్రూమ్. 1996లో ఇడ్ సాఫ్ట్‌వేర్ విడుదల చేసిన క్వేక్‌కూ, ఆ వంశంలో పుట్టిన ఆటలకూ లెవెల్స్ కట్టుకోవడానికి క్రిస్టియన్ డుస్కే మొదలుపెట్టిన ఎడిటర్. ఉచితం, సోర్స్ కోడ్ కూడా అందరికీ తెరిచి ఉంది. రెండోది ప్రోబిల్డర్. యూనిటీ ఇంజిన్‌కు బయటివాళ్లు రాసిన అదనపు టూల్‌గా మొదలై, 2018లో యూనిటీ చేతికి వచ్చింది. డ్రమ్స్ వైపు నుంచి, ఇంటి తయారీలో అందరూ ముందుగా చేసేదాన్నే తీసుకుంటాను: ఆర్డుయినో ఊనో బోర్డుకు కలిపిన పీజో ప్యాడ్.

ట్రెంచ్‌బ్రూమ్‌లో ముడిసరుకు ఒకటే, దాన్ని బ్రష్ అంటారు. ఎటువైపు నుంచీ లోపలికి గుంట పడని ఘనరూపం అది. మౌస్‌తో లాగితే పెట్టె వస్తుంది, కోత టూల్‌తో కోస్తే వాలు వస్తుంది. గది కావాలంటే ఆరు పలకలు ఆరు వైపులా పెట్టాలి. ఇదంతా గ్రిడ్ మీద జరుగుతుంది. గ్రిడ్ 1, 2, 4, 8, 16, 32 యూనిట్లుగా రెట్టింపవుతూ పోతుంది. క్వేక్‌లో ఆటగాడి శరీరం 32 యూనిట్ల వెడల్పు, 56 యూనిట్ల ఎత్తు ఉన్న పెట్టె. అతను ఆగకుండా ఎక్కగలిగే మెట్టు ఎత్తు 18 యూనిట్లు. గ్రిడ్‌ను 16 మీద పెట్టుకుని మెట్లు కడితే అవి కొలవకుండానే సరిపోతాయి. ఎనిమిది మీద పెట్టుకుని మూడు గళ్ల ఎత్తు కడితే 24 అవుతుంది, అప్పుడిక ఆటగాడు ప్రతి మెట్టు దగ్గరా దూకాలి. మనిషి కొలత టూల్ గళ్లలోనే ఇమిడి ఉండటం నాకు ఇందులో బాగా నచ్చే సంగతి. కొన్నాళ్లు పనిచేస్తే చేతికి ఆ కొలత అలవాటవుతుంది.

ప్రోబిల్డర్ దారి వేరు. అక్కడ ఘనం అనే నియమం లేదు, ఉన్నది ఉపరితలాలే. ఒక ముఖాన్ని ఎంచుకుని షిఫ్ట్ నొక్కి లాగితే కొత్త భాగం పుట్టుకొస్తుంది. మెట్లు, తోరణాలు మెనూలోంచే దిగుతాయి. ఒక యూనిట్ అంటే ఒక మీటరు. యూనిటీ ఇచ్చే మామూలు క్యారెక్టర్ కంట్రోలర్ ఎత్తు 2, ఎక్కగలిగే మెట్టు 0.3, ఎక్కగలిగే వాలు 45 డిగ్రీలు. ఇవన్నీ ఒక పక్క ప్యానెల్‌లో మార్చుకునే అంకెలు. ఆ స్వేచ్ఛ అవసరమే. ప్రతి ఆటలోనూ శరీరం ఒకేలా ఉండదు కదా. కానీ ఆ అంకెలకూ కడుతున్న గోడకూ చుట్టరికం లేదు. అరమీటరు మెట్టు కట్టేసి, కిందటి వారం కంట్రోలర్‌లో ఏ అంకె పెట్టామో మరిచిపోయి, ఆటలో బొమ్మ గోడకు గుద్దుకుంటున్నప్పుడు వెనక్కి వెళ్లి వెతుక్కోవడం ప్రోబిల్డర్ వాడేవాళ్లందరికీ అనుభవమే.

ఇక డ్రమ్ము సంగతి కొంచెం నింపాదిగా చెప్పుకోవాలి, ఎందుకంటే బయటికి కనిపించేదానికంటే లోపల జరిగేది ఎక్కువ.

పీజో బిళ్ల అంటే పల్చటి ఇత్తడి రేకు మీద అతికించిన సెరామిక్ పొర. వంగినప్పుడు వోల్టేజీ పుడుతుంది. 27, 35 మిల్లీమీటర్ల సైజులవి ఎక్కువ వాడతారు. కోఠి గుజరాతీ గల్లీ లాంటి ఎలక్ట్రానిక్స్ బజార్లలో ఇది చిల్లర సామాను. బిళ్ల రెండు కొసల మధ్య 1 మెగాఓమ్ రెసిస్టర్ వేస్తారు, గట్టి దెబ్బకు బోర్డు కాలిపోకుండా 5.1 వోల్టుల జీనర్ డయోడ్ వేస్తారు. దోమజాలీని రెండు పొరలుగా, ఒకదాని నేత ఇంకొకదానికి ఏటవాలుగా వచ్చేలా పరిచి, పాత డ్రమ్ము రింగుకు బిగిస్తారు. కింద ఫోమ్‌ను శంకువులా కోసి, దాని అడుగున బిళ్ల అతికించి, కొన జాలీకి తగిలీ తగలనట్టు పెడతారు. ఆ కొన ఎత్తు చాలా ముఖ్యం. తగలకపోతే మెల్లటి దెబ్బలు అందవు. మరీ ఒత్తుకుంటే నడిమధ్యన కొట్టిన ప్రతి దెబ్బా విరుచుకుపడుతుంది, అంచున కొట్టినవి నీరసంగా పలుకుతాయి.

దెబ్బ పడగానే ఏం జరుగుతుంది? బోర్డు వోల్టేజీని 0 నుంచి 1023 దాకా అంకెలుగా చదువుతుంది. ఒక్కో రీడింగ్‌కు ఇంచుమించు 0.1 మిల్లీసెకను. అంకె ఒక గీత దాటితే దెబ్బ పడ్డట్టు లెక్క. ఆ గీతను త్రెషోల్డ్ అంటారు. అక్కడి నుంచి రెండు మిల్లీసెకన్ల పాటు చదువుతూ పోయి, వచ్చినవాటిలో పెద్ద అంకెను దెబ్బ బలంగా తీసుకుంటుంది. ఆ తర్వాత కొన్ని పదుల మిల్లీసెకన్ల పాటు చెవులు మూసుకుంటుంది, ఎందుకంటే జాలీ ఇంకా ఊగుతూనే ఉంటుంది, ఆ ఊగును కొత్త దెబ్బ అనుకునే ప్రమాదం ఉంది. చివరికి 1 నుంచి 127 లోపు ఒక బలంతో, సంగీత పరికరాలు మాట్లాడుకునే మిడి భాషలో ఒక సందేశం బయల్దేరుతుంది. స్నేర్ అయితే నోట్ నంబరు 38, కిక్ అయితే 36.

ఇప్పుడు రెండింటినీ ఎదురెదురుగా నిలబెడదాం. ముందు ఆలస్యం సంగతి.

క్వేక్ లెవెల్ గీయగానే ఆడటానికి సిద్ధం కాదు, కంపైల్ చేయాలి. దిమ్మల్ని ముక్కలుగా విడగొట్టి లెక్కలో అమర్చడం ఒక దశ. ఎక్కడ నిలబడితే ఏ భాగం కనిపిస్తుందో ముందే లెక్కగట్టడం రెండో దశ. వెలుతురు లెక్క మూడోది. తొంభైల్లో పెద్ద లెవెల్‌కు ఇది గంటలు తినేది. ఇవాళ చిన్న గది క్షణాల్లో అయిపోతుంది కానీ ఆ మెట్టు మాత్రం ఇంకా ఉంది. ప్రోబిల్డర్‌లో అది లేదు. గోడ జరిపి, ప్లే నొక్కి నడవొచ్చు. డ్రమ్ములో లెక్క మిల్లీసెకన్లలో ఉంటుంది: వినడానికి రెండు, మూడు బైట్ల మిడి సందేశం పాత పద్ధతి తీగలో వెళ్లడానికి దాదాపు ఒకటి, కంప్యూటర్ సౌండ్‌కార్డ్ బఫర్ 256 శాంపిళ్లు ఉంటే ఇంకో ఆరు. అదే బఫర్ 512కు పెంచితే అదొక్కటే పన్నెండుకు దగ్గరవుతుంది. మొత్తం పది దాటేసరికి చేయి తెలిసిన వాద్యకారుడికి ప్యాడ్ బరువెక్కినట్టు అనిపిస్తుంది. పది మిల్లీసెకన్లలో శబ్దం గాలిలో మూడున్నర మీటర్ల దూరం పోతుంది; అంటే డ్రమ్ము తన ముందు ఉన్నా, మోత గది అవతలి గోడ దగ్గర నుంచి వచ్చినట్టు.

ఈ లెక్కన ప్రోబిల్డర్ గెలిచినట్టు, ట్రెంచ్‌బ్రూమ్ ఓడినట్టు అనిపిస్తుంది. నేను అలా అనుకోను. లెవెల్‌లో తప్పు మనిషికి అందే వేగం వేరు. కారిడార్ ఇరుగ్గా ఉందన్న సంగతి దాంట్లో పరిగెత్తినప్పుడే తెలుస్తుంది, శత్రువు ఎదురైతే ఇంకా బాగా తెలుస్తుంది. దానికి కొన్ని నిమిషాల ఆట కావాలి. కంపైల్‌కు పోయిన ముప్పై సెకన్లు ఆ నిమిషాల ముందు పెద్ద నష్టం కాదు. పైగా ప్లే బటన్ చేతికిందే ఉంటే ఒక్కో గోడా జరిపినప్పుడల్లా రెండడుగులు నడిచి ఆపేసే అలవాటు పడుతుంది. మొదటి తలుపు నుంచి చివరి తలుపు దాకా ఒక్క ఊపున ఆడి చూడటం తగ్గిపోతుంది. ప్రోబిల్డర్‌తో కట్టిన విద్యార్థుల లెవెల్స్‌లో గది గది బాగుండి, గదికీ గదికీ మధ్య లయ లేకపోవడం నేను ఎక్కువగా చూస్తాను. దానికి కారణం ఈ అలవాటేనని నా నమ్మకం. డ్రమ్ముకు ఆ వెసులుబాటు లేదు. అక్కడ ఆలస్యమే తప్పు. వాయించే చేయి దాన్ని అక్కడికక్కడే పట్టుకుంటుంది, ఎవరూ సర్దిచెప్పలేరు. శరీరానికి జవాబుదారీగా ఉండటంలో ఇంటి డ్రమ్ము ఈ లెవెల్ టూల్స్ రెండింటికంటే పైమెట్టు.

అయితే తప్పు ఉందని తెలియడం ఒకటి, ఎక్కడుందో తెలియడం ఇంకొకటి. రెండోదాంట్లో కథ తిరగబడుతుంది. ఈ రెండు పనుల్నీ పక్కపక్కన పెట్టాలని నాకు తట్టిందే ఇక్కడ.

క్వేక్ లెవెల్ గాలి చొరని డబ్బాలా మూసి ఉండాలి. బయట ఉన్నది శూన్యం. ఎక్కడైనా రెండు పలకల మధ్య ఒక్క యూనిట్ సందు మిగిలినా లోపలిది బయటి శూన్యంతో కలిసిపోతుంది. అప్పుడు ఎక్కడి నుంచి ఏం కనిపిస్తుందో లెక్కగట్టడం కుదరదు. దీన్ని లీక్ అంటారు. కంపైలర్ లోపలున్న వస్తువుల దగ్గర నుంచి ఖాళీ చోటునంతా వెతుక్కుంటూ పోతుంది. శూన్యం దాకా చేరగలిగితే లీక్ ఉందని ప్రకటించి, తాను వెళ్లిన దారిని ఒక చిన్న ఫైల్‌లో రాసిపెడుతుంది. ఆ ఫైల్‌ను ట్రెంచ్‌బ్రూమ్‌లో తెరిస్తే లెవెల్ లోపలి నుంచి ఒక గీత మొదలై, గదులు దాటి, మలుపులు తిరిగి, సరిగ్గా ఆ సందులోంచి బయటికి పోతుంది. గీత వెంట పోతే చాలు, తప్పు ముందుకెళ్లి నిలబడతాం. ముప్పై ఏళ్ల కిందటి ఇంజిన్ పరిమితి వల్ల పుట్టిన సౌకర్యం ఇది. అయినా నమూనా టూల్స్‌లో తప్పును ఇంత స్పష్టంగా చూపించేది నాకు ఇంకోటి కనిపించలేదు. ప్రోబిల్డర్‌లో లీక్ అన్న మాటే లేదు. గోడకు కంత ఉంటే కంత ఉంటుంది, అంతే. ఆటగాడు దాంట్లోంచి కిందపడేదాకా, వెలుతురు అందులోంచి కారేదాకా టూల్ నోరు విప్పదు.

డ్రమ్ములోనూ లీక్ ఉంటుంది. వాళ్లు దాన్ని క్రాస్‌టాక్ అంటారు. ప్యాడ్లన్నీ ఒకే పైపుల ఫ్రేమ్‌కు బిగించి ఉంటాయి. కిక్ పెడల్ తొక్కితే ఆ అదురు పైపుల్లోంచి పాకి స్నేర్ ప్యాడ్ బిళ్ల దాకా పోతుంది. త్రెషోల్డ్ 40 దగ్గర ఉంటే, పాకి వచ్చిన అదురు 60 చదివిస్తే, ఎవరూ కొట్టని స్నేర్ మెల్లగా మోగుతుంది. వాయించేవాడికి తాళం ఎక్కడో మురికిగా వినిపిస్తుంది తప్ప ఏ ప్యాడ్ నుంచి ఏ ప్యాడ్‌కు పాకిందో వినిపించదు. కాబట్టి చేతికి అందే మొదటి మార్గం పట్టుకుంటాడు: స్నేర్ త్రెషోల్డ్‌ను 80కి పెంచేస్తాడు. దొంగ మోత ఆగిపోతుంది. దాంతోపాటే, రెండు గట్టి దెబ్బల మధ్య కర్ర కొనతో తాకించే చిన్న దెబ్బలూ ఆగిపోతాయి. డ్రమ్మర్లు వాటిని గోస్ట్ నోట్స్ అంటారు. వాటిమీదే తాళానికి నడక వస్తుంది. అవి చచ్చిపోయిన డ్రమ్ము యంత్రంలా మోగుతుంది. సంవత్సరాల తరబడి అలాంటి సెట్ మీద సాధన చేస్తే చేయి కూడా ఆ చిన్న దెబ్బల్ని వేయడం మానేస్తుంది. ఇది నన్ను నిజంగా కలవరపెట్టే విషయం.

లెవెల్స్‌లోనూ సరిగ్గా ఇదే పొరపాటు ఉంది. ఆటగాడు పోకూడని చోటికి పోతున్నాడనుకోండి. ఆ దారి వాణ్ని ఎందుకు లాగుతోందో చూడకుండా, కంటికి కనిపించని గోడ ఒకటి అడ్డం పెట్టేస్తారు. లోపం మాయమవుతుంది. దాంతోపాటు ఆటగాడి కుతూహలం కూడా ఒక అంగుళం మేర చస్తుంది.

డ్రమ్ముకు లీక్‌ను చూపించే ఆ గీత లాంటి సాధనం లేదా అంటే, ఉంది, కానీ వాడేవాళ్లు తక్కువ. ఆర్డుయినో సాఫ్ట్‌వేర్‌లోనే సీరియల్ ప్లాటర్ ఉంది. అన్ని ప్యాడ్ల అంకెల్నీ అందులోకి పంపి కిక్ ఒక్కటే తొక్కితే, కిక్ గీత పైకి లేచిన వెంటనే స్నేర్ గీత చిన్నగా లేవడం కంటికి కనిపిస్తుంది. ఎంత వెనగ్గా లేచింది, ఎంత ఎత్తు లేచింది అన్నది తెలిస్తే మందు కూడా తెలుస్తుంది. ప్యాడ్‌కూ పైపుకూ మధ్య రబ్బరు వేయడం మొదటి మందు. అది చాలకపోతే, కొద్ది మిల్లీసెకన్ల తేడాలో రెండు ప్యాడ్లు పలికితే చిన్నదాన్ని వదిలేయమని కోడ్‌లో రాయడం రెండోది. త్రెషోల్డ్ పెంచడం ఆఖరి మందు. ఇంటి డ్రమ్ముల తయారీ గురించి చెప్పేవాళ్లు ఎంతసేపూ బిళ్ల ఎలా అతికించాలి, జాలీ ఎలా బిగించాలి అని చెబుతారు. ప్లాటర్ ముందు కూర్చోబెట్టరు. సెట్ కట్టడానికి పట్టిన సమయంలో సగం ఈ గీతల ముందు గడపాలని నేనంటాను.

ఇంకో సంగతి ఉంది. టూల్‌కు వినిపించనిది, టూల్‌తో కట్టలేనిది, మెల్లగా మన పనిలోంచే మాయమవుతుంది.

బ్రష్‌లతో కట్టే సంప్రదాయం పెట్టెల్ని ప్రేమిస్తుంది. క్వేక్ ఇంజిన్‌ను మార్చుకుని 1998లో వాల్వ్ కంపెనీ హాఫ్ లైఫ్ ఆట చేసినప్పుడు కథాస్థలం ఒక పరిశోధనా కేంద్రం కావడం, కారిడార్లు, షాఫ్టులు, గోదాములు నిండి ఉండటం టూల్‌కు సరిగ్గా సరిపోయింది. దాని ఎడిటర్ వరల్డ్‌క్రాఫ్ట్, తర్వాత హ్యామర్, బ్రష్‌ల మీదే నడిచేవి. అదే టూల్‌తో మామిడితోట కట్టమంటే నరకం. ప్రోబిల్డర్‌లో కొండవాలు కొంత నయం, కానీ దానిక్కూడా ముఖాలు లాగి పుట్టించిన పలకల ముద్ర ఉంటుంది: ఎక్కడ చూసినా బాల్కనీలు, తిన్నెలు, కోసినట్టున్న అంచులు.

డ్రమ్ము విషయంలో ఈ ముద్ర ఇంకా లోతు. ఇలా కట్టిన పీజో ప్యాడ్‌కు తెలిసినవి రెండే: దెబ్బ ఎప్పుడు పడింది, ఎంత గట్టిగా పడింది. రాక్ డ్రమ్స్ వాయించేవాడికి అది చాలావరకు సరిపోతుంది. మన డప్పును ఆలోచించండి. కుడిచేతిలో పొట్టి మందపాటి సిర్ర, ఎడమచేతిలో సన్నటి పొడుగాటి చిటికెన పుల్ల. రెండూ ఒకే చర్మం మీద పడతాయి, రెండు వేరే గొంతులతో పలుకుతాయి. ఒక పీజో ముందు సిర్రతో మెల్లగా వేసిన దెబ్బా, పుల్లతో గట్టిగా వేసిన దెబ్బా ఒకే అంకె కావచ్చు. అప్పుడు ఒకే శబ్దం వస్తుంది. మృదంగం ఇంకా కష్టం. ఎడమచేతి మణికట్టు దగ్గర అరచేయిని తొప్పి మీద జార్చి పలికించే గుమ్కీలో దెబ్బ తర్వాత జరిగేదే సంగీతం. సరిగ్గా ఆ సమయంలోనే మన ప్యాడ్ చెవులు మూసుకుని ఉంటుంది. తెలుగునాట పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాల్లో ఆక్టాప్యాడ్ వాయించేవాళ్లు డప్పునూ డోలునూ ఎంత నేర్పుగా పలికించినా, అది ముందే రికార్డు చేసిన దెబ్బల్ని ఏరి పేర్చడమే. వాళ్ల ప్రతిభను నేను తక్కువ చేయడం లేదు, ఎనిమిది రబ్బరు గళ్లలో అంత చేయడం గొప్పే. పరికరం చెవి అంతవరకే అంటున్నాను.

ఇంట్లో కట్టుకునేవాళ్లకు ఇక్కడ ఒక అవకాశం ఉంది. ఒకే జాలీ కింద రెండు బిళ్లలు దూరదూరంగా పెట్టి, దెబ్బను ఏది ముందు విన్నదో చూసి అది పడిన చోటు పట్టవచ్చు. ఒత్తిడిని కొలిచే ఎఫ్‌ఎస్‌ఆర్ పట్టీ అంచున వేసి, అరచేయి నొక్కుడును శ్రుతి మార్పుకు ముడిపెట్టవచ్చు. డప్పు కోసమో మృదంగం కోసమో పుట్టిన ప్యాడ్ ఇలాంటి ముతక ప్రయోగాల్లోంచే రావాలి. రాక్ డ్రమ్ముల నకలు చేయడంతోనే మనవాళ్ల ఇంటి తయారీ ఆగిపోతే అది నష్టం.

శరీరం సంగతి మరిచి టూల్ కట్టినవాళ్లకు ఏమవుతుందో సిమన్స్ కంపెనీ ఎలక్ట్రానిక్ డ్రమ్ములు చూపించాయి. 1981లో వచ్చిన ఎస్‌డీఎస్-5 ఆరు మూలల ప్యాడ్లు ఆ దశాబ్దపు పాప్ సంగీతానికి గుర్తుగా నిలిచాయి. పైపొర పోలీసుల డాళ్లకు వాడే గట్టి పాలీకార్బొనేట్. మోత కొత్తగా ఉంది, మణికట్లు నొప్పిపుట్టాయి. 1997లో రోలాండ్ కంపెనీ టీడీ-10 సెట్‌తో జాలీ ప్యాడ్లు తెచ్చేదాకా మెత్తగా తిరిగి ఎగిసే స్పర్శ ఎలక్ట్రానిక్ డ్రమ్ములకు సరిగ్గా కుదరలేదు. ఇవాళ దోమజాలీతో కట్టుకునే ప్రతివాళ్లూ ఆ పాఠాన్ని చవగ్గా వాడుకుంటున్నారు.

రూపం ముందే దిద్దుకునే జబ్బు రెండువైపులా ఉంది. వాల్వ్ వాళ్లు లెవెల్స్ కట్టేటప్పుడు నారింజ, బూడిద రంగుల్లో కొలత గీతలున్న టెక్స్చర్లు గోడలకు వేసేవారు. గోడ ఎంత ఎత్తో చూడగానే తెలుస్తుంది, అందం జోలికి మనసు పోదు. అది మంచి క్రమశిక్షణ. ఇప్పుడు బూడిదరంగు దిమ్మలకే పొగమంచు వేసి, ఏటవాలు సూర్యకాంతి పరిచి, చిత్రాల్లా చూపించే అలవాటు ముదిరింది. యూనిటీలో అది మరీ సులువు. కాంతి బాగుంటే ఖాళీ గది కూడా గంభీరంగా కనిపిస్తుంది. దానిలో ఆడటానికి ఏమీ లేదన్న నిజం ఆ గాంభీర్యం వెనక దాక్కుంటుంది. డ్రమ్ములో ఇదే పాత్రను శాంపిల్ లైబ్రరీలు పోషిస్తాయి. ఖరీదైన స్టూడియోలో రికార్డు చేసిన స్నేర్ మోత పెట్టుకుంటే, మెల్లటి దెబ్బకూ గట్టి దెబ్బకూ తేడా సరిగ్గా పలకని ప్యాడ్ కూడా బాగున్నట్టే అనిపిస్తుంది. ప్యాడ్‌ను సరిచేసేటప్పుడు ఒక్క పొడి టిక్కు శబ్దం పెట్టుకోవాలి. బలం మారితే ఆ టిక్కు గట్టిదనం ఒక్కటే మారాలి. అప్పుడు ఏ దెబ్బ ఎగిరిపోయింది, ఏది రెండుసార్లు మోగింది అన్నది దాచుకోవడానికి చోటు ఉండదు.

కట్టింది చివరికి ఏమవుతుందన్నదాంట్లో నాకు ఆశ్చర్యం కలిగించిన జోడీ ఒకటుంది. ప్రోబిల్డర్ దిమ్మలు సాధారణంగా ఉండిపోవడానికి కట్టేవి కావు. ఆట కుదిరాక ఆర్టిస్టులు వాటి స్థానంలో అసలు మోడళ్లు పెడతారు. క్వేక్‌లో అలా కాదు. గీసిన బ్రషే చివరిదాకా ఉంటుంది, దానికే టెక్స్చర్ వేసి విడుదల చేస్తారు. కాబట్టి ట్రెంచ్‌బ్రూమ్ తన తోటి టూల్ కంటే ఇంటి డ్రమ్ముకే దగ్గరి చుట్టం. అక్కడా నమూనా అని మొదలుపెట్టిన ప్యాడే, టేపు చుట్టుకుని, స్టేజి ఎక్కుతుంది. ఉండిపోతుందని తెలిస్తే చేయి జాగ్రత్తపడుతుంది. రెండు పలకల అంచులు గ్రిడ్ మీద కలిశాయా అని క్వేక్ లెవెల్ కట్టేవాళ్లు చూసుకునే శ్రద్ధ, సోల్డర్ కీలు మీద దెబ్బ భారం పడకుండా వైరును జిగురుతో అదిమిపెట్టే శ్రద్ధ, ఒకే మనస్తత్వం. పారేస్తామని తెలిసిన చోట ధైర్యం ఎక్కువ. గదిని సగానికి కోసెయ్యడానికి ప్రోబిల్డర్‌లో చేయి వెనకాడదు, అన్‌డూ ఉంది. దోమజాలీ కోసేముందు మాత్రం ఎవరైనా రెండుసార్లు కొలుస్తారు.

ఈ రెండు లోకాలూ నిజంగా కలిసిన ఆట ఒకటుంది. 2004లో జపాన్‌లో నింటెండో డాంకీ కాంగ్ జంగిల్ బీట్ విడుదల చేసింది. దాన్ని బోంగో డ్రమ్ములతో ఆడాలి. ఎడమ డ్రమ్ము కొడితే ఎడమకు, కుడిది కొడితే కుడికి పరుగు, రెండూ కలిపి కొడితే గెంతు, చప్పట్లు కొడితే మైక్ విని ఇంకో పని. ఆ బోంగోల లోపల ఉన్నవి బటన్లే. దెబ్బ ఎంత గట్టిదో వాటికి తెలియదు. మన గుజరాతీ గల్లీ బిళ్ల కంటే మొద్దు చెవి వాటిది. అయినా లెవెల్స్ కట్టినవాళ్లు ఆ మొద్దుతనాన్ని ముందే లెక్కలోకి తీసుకున్నారు. గట్లకు, కొమ్మలకు, ఊగే తీగలకు మధ్య దూరాలు చేతుల లయకు సరిపోయేలా అమర్చారు.

ఇంట్లో కట్టుకున్న ప్యాడ్ ఇంకొంచెం చెప్పగలదు, 127 మెట్ల బలం. ఆర్డుయినో లియొనార్డో బోర్డు వాడితే అది కంప్యూటర్‌కు యూఎస్‌బీ మిడి పరికరంలా నేరుగా కనబడుతుంది. ఆ అంకెను యూనిటీలోకి తెచ్చి, దెబ్బ బలాన్ని బట్టి బొమ్మ దూకే ఎత్తు మారేలా పెట్టి, ప్రోబిల్డర్‌లో పది గట్లు వరసగా ఎత్తు పెంచుకుంటూ కట్టాలి. మెల్లటి దెబ్బ నుంచి గట్టి దెబ్బ దాకా చేయి సమంగా పెంచుకుంటూ వాయిస్తే బొమ్మ ఒక్కో గట్టూ ఎక్కాలి. నడిమి గట్లు మూడింటిని దాటేసి బొమ్మ ఎప్పుడూ పైవాటి మీదే పడుతుంటే, ఫోమ్ కొన జాలీని మరీ ఒత్తుతోందని అర్థం. కింది గట్టు మీద అసలు పడకపోతే త్రెషోల్డ్ ఎక్కువైందని అర్థం. కొట్టకుండానే బొమ్మ చిన్నగా ఎగిరితే పక్క ప్యాడ్ అదురు పాకుతోంది, రబ్బరు ముక్క వెతుక్కోవాలి.